తెర మీది మచ్చు

తెలుగునాట బట్ట కొనడం వేళ్ళతో జరిగే పని. అంగడివాడు తాను పరచిన బట్టను ఎంత పొగడినా, కొనేవారు ఆ మాటలు వింటూనే అంచును బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య పట్టి నలిపి చూస్తారు. మడత విప్పి వెలుతురుకు ఎత్తి పడతారు. తిరగవేసి, వెనుకవైపునకు రంగు ఎంత దిగినదో పరికిస్తారు. అనుభవం గల పెద్దవారైతే ముక్కు దగ్గరకు తీసుకొని వాసన కూడా చూస్తారు. ఇంత జరిగిన తరువాత గాని బేరం మొదలు కాదు. ఆన్‌లైన్ అంగడిలో ఇవేవీ లేవు. అరచేయంత గాజుతెర మీద నాలుగైదు ఫోటోలు, పది పంక్తుల వ్రాత. కొనేవారికి దక్కేది ఇంతే. ఈ ఫోటోలనూ ఈ వ్రాతనూ కలిపి ఆ వ్యాపారంలో లిస్టింగు అంటున్నారు. నలిపి చూచే వేళ్ళ పనిని, తిరగవేసి చూచే చేతుల పనిని, అడిగినదానికి బదులు చెప్పే అంగడివాని నోటి పనిని కూడా ఆ లిస్టింగే చేయవలసి ఉన్నది.

రేడియోలో పనిచేసే మాకు ఈ చిక్కు కొత్తది కాదు. శ్రోత కంటికి కనబడనిదానిని మాటలతో చూపించడమే మా నిత్యకృత్యం. కాబట్టి చేతిపని వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్ముకోదలచిన వారికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పడానికి పూనుకొన్నాము. అన్ని వస్తువులనూ ఒకేసారి పట్టుకొంటే ఏదీ తేలదు గనుక, కలంకారీ వస్త్రాన్ని ఉదాహరణగా తీసుకొంటున్నాము. తెలుగువారి చేతిపనులలో ఇంతగా పేరు తెచ్చుకొన్నవి కొద్ది. ఆ పేరు ఇంతగా దుర్వినియోగమవుతున్నవి మరీ కొద్ది.

దూరానున్నవారికి బట్ట అమ్మడం మన తీరానికి కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొన్న నాటికే ఇక్కడి వ్రాతబట్టలకు, అద్దకపు బట్టలకు సముద్రాల అవతల గిరాకీ ఉన్నది. ఆ తరువాత ఆ మోజు ఐరోపాలో ఎంత పెరిగినదంటే, తమ దేశపు నేతగాండ్రు నష్టపోతున్నారని 1686లో ఫ్రాన్సు ఇట్టి బట్టలను నిషేధించినది. ఇంగ్లండు పార్లమెంటు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి అడ్డుకొన్నది. లండనులో ఆ బట్టను కట్టిన ఇల్లాలు ఇక్కడి అద్దకపువానిని చూడలేదు. ఇతడు ఆమెను చూడలేదు. ఇద్దరి నడుమ నమ్మకాన్ని నిలిపినది మచ్చు. ఏ రంగు, ఏ పువ్వు, ఎంత పన్నా కావలెనో చూపే మచ్చులను కంపెనీలు పంపేవి. తయారైన బట్టను మచ్చు ప్రక్కన పెట్టి సరిచూచి, సరిపోనిదానిని త్రోసిపుచ్చేవారు, లేదా ధర తగ్గించేవారు. నేటి లిస్టింగు అట్టి మచ్చే. అయితే నాటి మచ్చు చేతికి అందేది, నేటిది తెర మీద మాత్రమే కనబడుతున్నది. అందువల్ల దానిని తయారుచేయడంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావలె.

ఇక అసలు చిక్కు. కలంకారీ అన్న ఒక్క పేరుతో నేడు మూడు రకాల బట్టలు అమ్ముడవుతున్నవి. మొదటిది శ్రీకాళహస్తి పద్ధతి: వెదురుపుల్లకో ఈతపుల్లకో పేలిక చుట్టి దారంతో కట్టిన కలంతో, బట్ట మీద చేతితో వ్రాసేది. రెండవది మచిలీపట్నం, పెడన ప్రాంతాల పద్ధతి: చెక్కిన కొయ్య అచ్చులను రంగులో ముంచి చేతితో అద్దేది. ఈ రెండూ చేతిపనులే. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి 2003లో అమలు కాగా, దాని క్రింద రెండు పేర్లూ వేర్వేరుగా నమోదైనవి. మూడవది యంత్రంమీద గాని, తెరముద్రణతో గాని, కలంకారీ బొమ్మలను అచ్చువేసిన బట్ట. అది నూలు కావచ్చును, పాలియెస్టరు కావచ్చును. ఆ మూడవదానిని కొనడంలో తప్పు లేదు. తక్కువ ధరకు కావలసినవారికి అదే తగినది. దానిని మొదటిదాని పేరుతో అమ్మడమే తప్పు.

ఇప్పుడు ఒక మామూలు లిస్టింగును చూడండి: ‘అందమైన కలంకారీ చీర, మేలైన నాణ్యత, సంప్రదాయ డిజైను, సరసమైన ధర.’ ఇది కాళహస్తిలో నెలల తరబడి శ్రమించి చీర వ్రాసినవారి లిస్టింగు కావచ్చును. గంటకు వందల గజాలు అచ్చువేసే మిల్లు సరుకు లిస్టింగు కూడా కావచ్చును. మాటలలో భేదం లేనప్పుడు కొనేవారికి మిగిలే భేదం ధర ఒక్కటే. ధరలో మిల్లుదే గెలుపు. చేతిపనివారి ఓటమికి మిల్లు వారి మోసం సగం కారణమైతే, చేతిపనివారు తమ సరుకును గురించి మిల్లు మాటలే వ్రాసుకోవడం మిగతా సగం కారణమని మా అభిప్రాయం. కాబట్టి లిస్టింగులోని ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టుకోవలె: ఈ వాక్యాన్ని మిల్లు అద్దకం కూడా నిజాయితీగా చెప్పుకోగలదా? చెప్పుకోగలిగితే ఆ వాక్యం మీకు సాయపడదు. అందం, నాణ్యత, సంప్రదాయం అన్న మాటలు ఈ పరీక్షలో మొదటే రాలిపోతవి.

మిల్లు చెప్పలేనివి చాలా ఉన్నవి. కాళహస్తి బట్ట పుట్టుకను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ముతక నూలుబట్టను ముందు చలువచేసి, కరక్కాయ రసం కలిపిన పాలలో నానవేసి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల వ్రాసిన గీత అలుక్కుపోక నిలుస్తుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసి, దాని మీద కసిమి అనే ద్రవంతో గీతలు వ్రాస్తారు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో కొన్నాళ్ళు ఊరవేస్తే ఈ కసిమి తయారవుతుంది. కరక్కాయ పట్టిన బట్టకు అది తగలగానే నల్లబడుతుంది. ఎర్రగా ఉండవలసిన చోట్ల పటికనీరు పూసి, ఉతికి, మంజిష్ఠ వంటి వేళ్ళ రంగులో ఉడకబెడతారు. పటిక పట్టిన చోట ఎరుపు నిలుస్తుంది, మిగిలిన చోట ఉతుకులో పోతుంది. పసుపు కరక్కాయ పూవు నుండి, నీలం నీలిమందు నుండి వస్తవి; పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ నడుమ పారేనీటిలో ఉతకడం, ఎండలో ఆరవేయడం.

ఇదంతా లిస్టింగులో వ్రాయమని మేము చెప్పడం లేదు. ఈ పనిలో కొనేవారి అనుభవానికి తగిలే ముక్కలను ఏరి వ్రాయమంటున్నాము. వాసన సంగతి తీసుకోండి. కొత్త కాళహస్తి బట్టకు పాలు, కరక్కాయలు కలిసిన వాసన ఉంటుంది. కాళహస్తిలో కొన్నవారికి అది తెలిసినదే. హైదరాబాదు అపార్ట్‌మెంటులోనో న్యూజెర్సీలోనో పార్సెలు విప్పినవారికి తెలియదు. బట్ట ముక్కిపోయినదనుకొని తిప్పి పంపుతారు. ‘కొత్తలో పాలు, కరక్కాయల వాసన ఉంటుంది, నీడన గాలికి వేలాడదీస్తే క్రమంగా తగ్గుతుంది’ అన్న వాక్యం ముందే ఉంటే, అదే వాసన అసలుతనానికి సాక్ష్యమవుతుంది. రంగు సంగతీ అంతే. చెట్ల పసుపులు ఎండకు త్వరగా వెలుస్తవి గనుక నేరుగా ఎండపడే గోడకు వేలాడదీయవద్దని చెప్పవలె. ఇనుముతో వచ్చిన నలుపు పులుపుకు విరుగుతుంది గనుక మరకలను నిమ్మకాయతో తీయవద్దని చెప్పవలె. ఇట్టి వాక్యాలు అమ్మకాన్ని చెడగొడతవని కొందరు జంకుతారు. ఆ జంకు అనవసరం. వస్తువును గురించి ఇంత ఎరిగినవారు దానిని తప్పక స్వయంగా చేసినవారో, చేసినవారి దగ్గర నిలబడి చూచినవారో అయి ఉంటారని చదివినవారు గ్రహిస్తారు.

రంగులలో రసాయనాలు వాడినట్లయితే ఆ మాట కూడా వ్రాయవలె. నేడు చాలాచోట్ల కొన్ని రంగులు చెట్లవి, కొన్ని రసాయనాలవి. ‘నలుపు, ఎరుపు చెట్ల రంగులు, నీలం రసాయనపు రంగు’ అని వ్రాయడంలో చిన్నతనం లేదు. అన్నీ చెట్ల రంగులేనని వ్రాసి, తరువాత ఒక్క నీలం దగ్గర పట్టుబడితే మిగిలిన నిజాలు కూడా అబద్ధాల క్రింద జమ అవుతవి.

ఇక పేరు. ఫోను తెర మీద సరుకుల వరుసలో పేరులోని మొదటి కొన్ని మాటలే కనబడతవి. మిగిలినది చుక్కలలో కలిసిపోతుంది. అందుచేత వస్తువు ఏదో, ఏ పద్ధతిదో ముందే రావలె. ‘అపురూపం’, ‘పండుగ కానుక’ వంటివి ముందు పెట్టి ‘చేతిరాత కలంకారీ దుపట్టా’ అన్న అసలు మాటను తోకకు కట్టరాదు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 2005లో మొదలై చేతిపని వస్తువులకు పేరుపడిన ఎట్సీ అంగడిలో పేరుకు 140 అక్షరాల వరకు చోటు ఉన్నది. చోటు ఉన్నది గదా అని నింపనక్కరలేదు. వెదకేవారికి ఉపయోగపడే ఇతర మాటలకు ట్యాగులు అని వేరే 13 గడులు ఉన్నవి. అక్కడ మన మాటలను కాక కొనేవారి మాటలను పెట్టవలె. మనము ఓణీ అన్నదానిని ఒకరు దుపట్టా అని, మరొకరు చున్నీ అని, విదేశాలవారు స్కార్ఫ్ అని, స్టోల్ అని వెదుకుతారు. మనము గోడతెర అంటే వారు వాల్ హ్యాంగింగ్ అంటారు. కలంకారీ అన్న మాటనే ఆంగ్ల లిపిలో నాలుగు విధాలుగా వ్రాస్తారు. ఈ మాటలు మీకు ఊహతో దొరకవు. మీకు ఉత్తరాలు వ్రాసి ప్రశ్నలు అడిగే కొనుగోలుదారుల మాటలలో దొరుకుతవి. ఆ ప్రశ్నలను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చినదంటే దాని జవాబు లిస్టింగులో లేదన్న మాట.

కొలతలు తేలిక విషయమే, కాని ఎక్కువ తగవులు ఇక్కడే వస్తవి. చీర అయితే పొడుగు, పన్నా, అందులో జాకెట్టు ముక్క కలిసి ఉన్నదా లేదా అన్నది విడిగా చెప్పవలె. మీటర్లలోనూ అంగుళాలలోనూ రెండింటిలో వ్రాయవలె. దుప్పటి అయితే ఎంత మంచానికి సరిపోతుందో చెప్పవలె. బరువు చెప్పడం చాలామంది మరచిపోతారు. బట్ట పలుచనా దళసరా అన్నది వేళ్ళు లేని చోట బరువు వల్లనే తెలుస్తుంది.

ఫోటోల దగ్గర కొంత ఆగవలసి ఉన్నది. పెళ్ళి ఆల్బములలో వలె మెరిసే ఫోటో కావలెనని అందరికీ కోరిక. కాని ఫోనులు వాటంతట అవే రంగులను గాఢం చేస్తవి. మంజిష్ఠ ఎరుపు ఇటుకపొడి వలె అణగి ఉండే రంగు. ఫోనులో అది కుంకుమ వలె మండుతుంది. కుంకుమ ఎరుపును చూచి డబ్బు కట్టినవారు ఇటుక ఎరుపును చూచి నొచ్చుకోవడం సహజం. ఉదయం వేళ వసారాలో, ఎండ నేరుగా పడని చోట, బట్ట ప్రక్కన ఒక తెల్లకాగితం పెట్టి ఫోటో తీయండి. తెరమీద కాగితం తెల్లగా కనబడితే రంగులు నమ్మదగినట్లే. కాగితం పచ్చగానో నీలంగానో కనబడితే సరిచేసుకోవలె. మొదటి ఫోటోలో బట్ట పూర్తిగా కనబడవలె, వెనుక పూలకుండీలు, దేవుని పటాలు లేకుండా. తరువాత ఒక మనిషి కట్టుకొనో పట్టుకొనో ఉన్నది, పరిమాణం తెలియడానికి. కొందరు ప్రక్కన రూపాయి నాణెం పెడతారు. విదేశాలవారికి మన రూపాయి ఎంత ఉంటుందో తెలియదు గనుక కొలబద్ద పెట్టడం మేలు. ఆ తరువాత గీత దగ్గరగా కనబడే ఫోటో. అన్నిటికంటె ముఖ్యమైనది, చాలామంది పెట్టనిది, బట్ట వెనుకవైపు ఫోటో. అంగడిలో తిరగవేసి చూచే ఆ చేతికి బదులు ఇదే. పైపూత రంగుతో అచ్చువేసిన బట్టలో వెనుక పలుచగా, వెలవెలబోతూ ఉంటుంది. ఉడికించి పట్టించిన రంగు ఇవతలి నుండి అవతలికి దిగుతుంది. ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పరాదు గాని, వెనుకవైపు చూపడానికి వెనుకాడని లిస్టింగు నమ్మకం కలిగిస్తుంది.

దగ్గరి ఫోటోలో మరొకటి చూపవచ్చును. మిల్లు బట్టలో ఒక ఆకు ఎన్నిసార్లు వచ్చినా అదే ఆకు. చెక్క అచ్చులో ఆకు ఒకటే అయినా, అచ్చు ప్రక్క అచ్చు పడిన చోట వెంట్రుకవాసి ఎడమో కలయికో ఉంటుంది. కలంరాతలో ఏ రెండు ఆకులూ ఒకటి కావు. రెండు ఆకులను ప్రక్కప్రక్కన చూపే ఫోటో పేజీడు వ్రాతకంటె ఎక్కువ చెబుతుంది.

చేతిపనిలోని ఈ తేడాలకు, లోపానికి మధ్య గీత గీయవలె. ‘చేతిపనిలో లోపాలు సహజం’ అన్న వాక్యం ప్రతి లిస్టింగులోనూ తగిలిస్తున్నారు. మాకు ఈ వాక్యం నచ్చదు. ఆకుల పొందికలో తేడా లోపం కాదు, చేతి ఆనవాలు. అరచేయంత రంగు మరక, చిరుగు, అంచు వంకర లోపాలే. వాటిని ఆ వాక్యం చాటున దాచరాదు. ఉన్న లోపాన్ని చోటు చెప్పి, ఫోటో తీసి, తగినంత ధర తగ్గించి అమ్మితే కొనేవారు కొంటారు. పైగా చట్టం కూడా ఉన్నది. ఎలక్ట్రానిక్ వాణిజ్యాన్ని గురించి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, వస్తువు ప్రకటనలో చెప్పిన లక్షణాలకు భిన్నంగా ఉంటే, అమ్మినవారు దానిని తిరిగి తీసుకోవడానికి గాని డబ్బు వాపసు ఇవ్వడానికి గాని నిరాకరించరాదు. అమ్మేవారే కొన్నవారి వేషం వేసి తమ సరుకును తామే మెచ్చుకొంటూ వ్రాయడాన్ని కూడా ఆ నియమాలు నిషేధించినవి.

ఇంతవరకు చెప్పినదానిని ఒకచోట చేర్చి ఒక లిస్టింగు వ్రాస్తే ఇట్లా ఉండవచ్చును:

‘శ్రీకాళహస్తి కలంకారీ గోడతెర, కలంతో చేతిరాత, నూలుబట్ట, జీవవృక్షం బొమ్మ. వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు. అంగుళాలలో సుమారు 35, 59. అచ్చు గాని తెరముద్రణ గాని లేదు. నలుపు ఇనుము, బెల్లం ఊటతో, ఎరుపు పటిక, మంజిష్ఠలతో, పసుపు కరక్కాయ పూవుతో, నీలం నీలిమందుతో వేసినవి. ఫోటోలో ఉన్న బట్టే మీకు వస్తుంది. ఎడమ అంచున, క్రింది నుండి జానెడు ఎత్తులో, ఎరుపు ఒకచోట పలుచబడినది. ఐదవ ఫోటోలో చూడగలరు. కొత్తలో పాలు, కరక్కాయల వాసన ఉంటుంది, గాలికి తగ్గుతుంది. నేరుగా ఎండపడే గోడకు వద్దు. ఉతకవలసి వస్తే విడిగా, చన్నీటిలో, ఘాటులేని సబ్బుతో ఉతికి నీడన ఆరవేయండి. పైన బద్ద దూర్చడానికి కుట్టు ఉన్నది, బద్ద పంపబడదు.’

ఇందులో ఒక్క పొగడ్త లేదు. అయినా చదివినవారికి బట్ట కంటి ఎదుట నిలుస్తుంది. ఆఖరి వాక్యం చిన్నదిగా తోచవచ్చును గాని, ఆ వాక్యం లేక బద్ద ఏదని అడిగే ఉత్తరాలు రావడం ఖాయం.

చేసినవారిని గురించి ఎంత వ్రాయవలె? రెండు మూడు వాక్యాలు చాలును: ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, ఈ బట్టకు ఎన్ని రోజులు పట్టినది. పేరు, ఫోటో పెట్టదలచితే వారిని అడిగి, ఒప్పుకొంటేనే పెట్టవలె. బీదరికాన్ని వర్ణించి కన్నీరు తెప్పించే లిస్టింగులు ఈమధ్య పెరుగుతున్నవి. జాలితో కొన్నవారు ఒకసారి కొంటారు. బట్ట నచ్చి కొన్నవారు మళ్ళీ వస్తారు. అంతకంటె ముఖ్యంగా, నిపుణుడైన చిత్రకారుని అంగడి గుమ్మంలో యాచకునిగా నిలబెట్టడం మర్యాద కాదు. రోజుల లెక్క చెబితే ధర ఎందుకు అంత ఉన్నదో దానంతట అదే తెలుస్తుంది. భౌగోళిక సూచిక పేరును వాడుకొనేవారు ఆ పేరుకు అధీకృత వినియోగదారులుగా నమోదై ఉంటే, ఆ సంగతి ఇక్కడే చెప్పవచ్చును.

ఆర్డరు మీద చేసి పంపేవారు గడువును ఎండల లెక్కతో చెప్పవలె గాని క్యాలెండరు లెక్కతో కాదు. శ్రావణ భాద్రపదాలలో ముసురు పడితే బట్ట ఆరదు, ఏటి నీరు బురదగా ఉంటే ఉతుకు సాగదు. మాఘమాసంలో మూడు వారాలు పట్టే పని అప్పుడు ఐదు వారాలు కావచ్చును. వానకాలం మొదలు కాగానే లిస్టింగులోని గడువును మార్చి, కారణం ఒక వాక్యంలో వ్రాస్తే, దూరానున్నవారు ఓపిక పడతారు.

బట్ట అమ్ముడుపోయిన తరువాత చేయరాని పని ఒకటి ఉన్నది. అదే ఫోటో క్రింద మరొక బట్టను పెట్టి అమ్మడం. అచ్చు అద్దకంలో ఇది కొంతవరకు చెల్లుతుంది: ఒకే అచ్చులు, ఒకే రంగులు గనుక, రంగు కొంచెం ముదురో లేతో కావచ్చునని చెప్పి అదే ఫోటోతో పది దుప్పట్లు అమ్మవచ్చును. కలంరాతలో చెల్లదు. మొదటి గోడతెరలో కొమ్మ మీద ఎడమకు చూస్తున్న నెమలి రెండవదానిలో కుడికి తిరిగి ఉండవచ్చును. కొన్నవారు ఆ ఎడమ నెమలి కోసమే కొన్నారేమో. కాబట్టి కొత్త బట్టకు కొత్త ఫోటోలు, కొత్త కొలతలు. పాత లిస్టింగును ‘అమ్ముడైనది’ అన్న గుర్తుతో అట్లాగే ఉండనిచ్చే వీలుంటే ఉండనివ్వండి. అది చూచి, ఇటువంటిదే మరొకటి వ్రాసి ఇస్తారా అని అడిగేవారు వస్తారు.